పదిసార్లు సగం

గంటస్తంభానికి నాలుగు సందుల అవతల
మందులషాపు మేడమీద మా ల్యాబు.
సాలూరు నుంచి, పాచిపెంట కొండల నుంచి
మంచుపెట్టెల్లో దిగుతాయి నెత్తురు గొట్టాలు.
అయోడిన్ చాలక వాచిన గొంతుల లెక్క
అయోడిన్‌తోనే తేల్చాలి మేము.
కాకపోతే ఇది ఊరుకోని అయోడిన్.
వాసన లేదు, వేడి లేదు.
ఉప్పు డబ్బాలో ఉండేదానికి తోబుట్టువే,
పెరిగిన తీరు వేరు.

గొంతులోని గ్రంథికి ఆ తేడా తెలీదు,
ఆకలేస్తే దొరికింది తినేస్తుంది.
అందుకే నెలనెలా తవిటినాయుడు గారు
మా గొంతులకి కూడా కొలపరికరం ఆనించి
"గుటక వెయ్యకండమ్మా" అంటారు,
ఫొటో తీసేవాడిలా.

గుమ్మం లోపల పసుపు గీత.
గీత దాటితే టీ గ్లాసుకి పని లేదు.
అసిరమ్మ చీపురు అక్కడే ఆగుతుంది.
"అగ్రారం మడికంటే గట్టిదమ్మా మీ మడి!
కంటికి అగుపడందానికి ఇన్ని తొడుగులేటి?
ఆ సీసం కుండలో ఏటుందో
ఒకపాలి సూపించరాదూ?"

చూపించడానికేముంది.
కుండ గీత దగ్గరకి తెచ్చి మూత తీసి
మీటరు దాని చేతికిచ్చాను.
పెనం మీద నూకలు పేలినట్టు చిటపట.
జడిసి, ఉన్న దూరానికి రెట్టింపు వెనక్కి జరిగింది.
చప్పుడు పావుకి పడిపోయింది.
"ఎనక్కెలితే ఊరుకుంటాదే!"
నేను రెండేళ్ళు చదివిన పాఠం
అది రెండడుగుల్లో చదివేసింది.

వైశాఖంలో ఒక మంగళవారం
కరెంటు పోయి వచ్చిన రెప్పపాటులో
పిపెట్ మొన నుంచి ఒక చుక్క జారింది,
చోడిగింజంత.
నేను చూడలేదు.
సాయంత్రం నేలంతా కొలిచే వేళ
బల్ల కింద మీటరు గొంతెత్తింది.

ఎవరమూ పరుగెత్తలేదు.
పరుగెడితే దాన్ని మోసుకెళ్ళేది మా కాళ్ళే.
చుక్కమీద కాగితం పరిచి
అంచు నుంచి నడిమికి తుడిచాం,
చుక్క నుంచి బయటికి సాగే ముగ్గుకి
తిరగేసి.
చేతులు పలకలేదు. కోటు పలకలేదు.
నా ఎడమకాలి చెప్పు పలికింది.

కోట దగ్గర బేరమాడి కొన్న కొత్త చెప్పు.
తవిటినాయుడు గారు సంచిలో వేసి, మూతి కట్టి
చీటీ రాశారు: ఎవరిది, ఏ రోజు, ఎంత పలికింది.
"అరవై రోజులకి దీన్లో సగం పోద్ది.
ఇంకో అరవైకి మిగిలినదాన్లో సగం.
అలా పదిసార్లు సగమైతే
చెప్పు మళ్ళీ చెప్పే.
ఇరవై నెలలమ్మా."

తర్వాత అడిగారు,
రిజిస్టరు మీంచి కళ్ళెత్తకుండా,
రూలు ప్రకారం ఆడవాళ్ళని అడగాల్సిన ప్రశ్న.

నెల తప్పి పదకొండు రోజులు.
అమ్మకి చెప్పలేదు, అత్తగారికి చెప్పలేదు,
పక్కన పడుకున్న మనిషికి చెప్పలేదు.
సీసం అల్మారా పక్కన నిలబడి
నీలిసిరా గడిలో రాశాను
అవును అని.

ఆయన శుభాకాంక్షలేవీ చెప్పలేదు.
రొమ్ముమీది బ్యాడ్జీకి తోడు ఇంకోటి తెచ్చి
నడుం దగ్గర పెట్టుకోమన్నారు.
"రేపట్నుంచి మీరు లెక్కల గదిలో."
గీత అవతల అసిరమ్మ
నా ముఖం కేసి ఒక్క చూపు చూసింది.
దానికే మీటరూ అక్కర్లేదు.
తన రబ్బరు చెప్పులు విప్పి
చీపురుతో నా వైపు తోసింది.
"తారు కాలతాది. ఒట్టిమనిషివేటి నువ్వు?"

ఒక సైజు పెద్దవి.
టపటపమంటూ ఇల్లు చేరాను.
ఆ రాత్రి వేళ్ళమీద లెక్కేశాను:
ఎనిమిది నెలలు, ఆపైన ఏడాది.
ఆ సంచి మూతి విప్పే నాటికి
ఇంట్లో ఒకరు
గోడ పట్టుకుని అడుగులేస్తుంటారు.

కుడికాలిది మంచం కింద దాచాను.
ఒంటి చెప్పు ఇంట్లో ఉండకూడదని
అత్తగారు రెండుసార్లు పారెయ్యబోయారు.
దాని జత డ్యూటీలో ఉందని చెప్పాను.